ఇన్సులిన్ డోసు తగ్గితే షుగర్ పోయినట్టు కాదమ్మా

పోయిన నెల టైప్ వన్ షుగర్ ఉన్న బాబు గురించి ఒక ఉత్తరానికి జవాబిచ్చాను కదా, అది చదివి బెంగళూరు నుంచే బోలెడంత మంది రాశారు, అందుకే ఈ నెల పేజీలన్నీ వాళ్ళకే. మా అమ్మాయికీ చిన్నప్పట్నుంచీ ఇదే, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, కాబట్టి ఒక అమ్మగా నాకు తెలిసింది చెప్తాను. డోసు ఎంత వెయ్యాలి అన్నది మాత్రం మీ డాక్టరు గారినే అడగండి, ఆ లెక్క ఏ పిల్లకి ఆ పిల్లదే.

*

"అక్కా, మేం మారతహళ్లిలో ఉంటాం, సొంతూరు కదిరి దగ్గర. మా బాబుకి ఏడేళ్ళు. వాడు ఊరికే నీళ్ళు తాగుతుంటే, రాత్రి పక్క తడుపుతుంటే, చిక్కిపోతుంటే ఎండాకాలం కదా అనుకున్నాం. ఒకరోజు వాంతులయ్యి ఎగశ్వాస వచ్చేసరికి హాస్పిటల్‌కి పరిగెత్తాం, ఐసీయూలో పెట్టారు, టైప్ వన్ అని చెప్పారు. మూడు నెలలైంది. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. ఈ మధ్య డోసు బాగా తగ్గిపోయింది, మొదట్లో వేసినదాంట్లో సగం కూడా పట్టట్లేదు, కొంచెం ఎక్కువైతే షుగర్ పడిపోయి 'లో' అయిపోతున్నాడు. మా అత్తయ్య ఊర్నుంచి ఎవరో ఇచ్చిన పొడి తెచ్చి నెల నుంచి వాడికి పెడుతున్నారు. అది పనిచేస్తోంది కాబట్టే డోసు తగ్గింది, ఇంక పసివాణ్ణి పొడవడం ఆపండి అంటున్నారు. మా ఆయన కూడా 'ఒక్క వారం ఆపి చూద్దామా' అంటున్నారు. నేనే ఎక్కువ భయపడుతున్నానా?"

ఆపొద్దమ్మా. వారం సంగతి తర్వాత, ఒక్క రోజు కూడా ఆపొద్దు. నీ భయంలో ఏ తప్పూ లేదు, ఇప్పుడు మీ ఇంట్లో సరిగ్గా ఆలోచిస్తున్నది నువ్వే.

డోసు ఎందుకు తగ్గిందో చెప్తాను, ఇది మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ ఉంటుంది కదా, టైప్ వన్‌లో అదే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడి వాటిని చంపేస్తుంది. అయితే జబ్బు బయటపడే రోజుకి అన్నీ చచ్చిపోవు, కొన్ని మిగిలి ఉంటాయి, అవి పాపం అలసిపోయి పడి ఉంటాయి. బయట్నుంచి ఇన్సులిన్ ఇచ్చేసరికి వాటికి కాస్త విశ్రాంతి దొరికి మళ్ళీ పనిచెయ్యడం మొదలుపెడతాయి, దాంతో బయట్నుంచి వెయ్యాల్సింది తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు. కొంతమందికి కొన్ని వారాలు, కొంతమందికి నెలలు, అరుదుగా ఏడాది పైన కూడా ఉంటుంది. ఆ తర్వాత ఆ మిగిలిన కణాలూ పోతాయి, డోసు మళ్ళీ పెరుగుతుంది.

ఇప్పుడు ఒకసారి ఆలోచించు, జబ్బు బయటపడ్డ ఒకటి రెండు నెలలకే చుట్టాలందరికీ తెలుస్తుంది, అప్పుడే ఎవరో ఒకరు పొడో కషాయమో తెస్తారు, సరిగ్గా అదే టైములో హనీమూన్ మొదలవుతుంది. అందుకే ప్రతి ఊళ్ళోనూ "ఫలానా వాళ్ళ పిల్లాడికి తగ్గింది" అని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళు చూసింది నిజమే, కాకపోతే అది పొడి గొప్ప కాదు. ఆ పిల్లాడు ఆర్నెల్ల తర్వాత ఎలా ఉన్నాడో చెప్పేవాళ్ళు మాత్రం మనకి కనిపించరు.

ఆపితే ఏమవుతుందంటే మీరు ఇప్పటికే చూశారు. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే తిన్న తిండిని శరీరం వాడుకోలేదు, కొవ్వుని కాల్చుకోవడం మొదలుపెడుతుంది, దాన్నుంచి కీటోన్లు వచ్చి రక్తం ఆమ్లంగా మారిపోతుంది, ఆ వాంతులు, ఆ ఎగశ్వాస అన్నీ దాని వల్లే. వాడు ఏమీ తినలేకపోతున్నా, జ్వరంతో ఉన్నా సరే, రోజుకి ఒకసారి వేసే లాంగ్ యాక్టింగ్ (ఎక్కువసేపు పనిచేసే) ఇన్సులిన్‌ని మీ అంతట మీరు ఎప్పుడూ ఆపకూడదు. ఒంట్లో బాలేనప్పుడు, షుగర్ 250 దాటి దిగకుండా ఉన్నప్పుడు కీటోన్లు చూడాలి. కీటోన్లు చూసే స్ట్రిప్పులు ఇంట్లో ఒక డబ్బా పెట్టుకోండి.

1922కి ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లల్ని ఆకలితో మాడ్చి కొన్నాళ్ళు బతికించేవాళ్ళు, అంతకుమించి ఏ డాక్టరు చేతిలోనూ ఏమీ ఉండేది కాదు. ఆ ఏడాది జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు, చావు అంచున ఉన్నవాడు ఆ తర్వాత పదమూడేళ్ళు బతికాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా వందేళ్ళు దాటింది, ఇన్సులిన్‌లో రకాలు మారాయి, సూదులు సన్నబడ్డాయి, కానీ టైప్ వన్ పిల్లలకి ఇన్సులిన్ లేకుండా గడిచే దారి మాత్రం ఇంకా రాలేదు.

అత్తయ్య గారి గురించి. ఆవిడకి కూడా షుగర్ ఉండే ఉంటుంది, బిళ్ళలు వేసుకుంటూ, పథ్యం చేస్తూ నెట్టుకొస్తుంటారు, అందుకే మనవడిదీ అదే జబ్బు అనుకుంటారు, పెద్దవాళ్ళలో వచ్చే టైప్ టూ వేరు, ఇది వేరు అని ఆవిడకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. నువ్వు చెప్తే కోడలి మాట అవుతుంది. ఈసారి చెకప్‌కి ఆవిడని కూడా తీసుకెళ్ళు, బెంగళూరులో తెలుగు మాట్లాడే డాక్టర్లకి కొదవ లేదు, డాక్టరు నోటితోనే చెప్పించు. ఆ పొడి పొట్లం కూడా పట్టుకెళ్ళి చూపించు, ఎందుకంటే ఇలాంటి వాటిల్లో సీసం లాంటివి ఉండొచ్చు, అల్లోపతీ బిళ్ళలు నూరి కలిపేవాళ్ళూ ఉన్నారు, ఏడేళ్ళ పిల్లాడికి అది తెలియకుండా పెట్టడం మంచిది కాదు. పొడి ఆపడం గురించి గొడవ పడినా పర్లేదు, ఇన్సులిన్ గురించి అయితే గొడవకే తావివ్వొద్దు. ఆవిడ ప్రేమని మాత్రం కాదనకు. ఆ ప్రేమకి ఏదో ఒక పని అప్పగించు. మా ఇంట్లో మా అత్తగారికి గ్లూకోజ్ డబ్బాల డ్యూటీ ఇచ్చాం, ఏ సంచిలో ఉంది, ఏది అయిపోయింది, ఏది తేమ తగిలి గడ్డకట్టింది అని ఆవిడే చూసుకునేవారు, ఒక్కసారి కూడా డబ్బా ఖాళీగా దొరకలేదు.

లో అవుతున్నాడు అన్నావు కదా, ఆ నంబర్లన్నీ రాసి డాక్టరుకి వెంటనే పంపు, డోసు తగ్గించాల్సి ఉంటే ఆయన తగ్గిస్తారు. సున్నా యూనిట్లకి తేవడం మాత్రం మీ నిర్ణయం కాకూడదు.

ఇంకో మాట, ఇది చదువుతున్న అందరికీ. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్ళీ మొదలుపెట్టినా, దాహం దాహం అంటున్నా, తింటూనే చిక్కిపోతున్నా, ఎండ అనో నులిపురుగులు అనో అనుకోకుండా ఆ రోజే వేలి చివర చుక్క రక్తం తీయించి షుగర్ చూపించండి. నిమిషం పని.

*

"నమస్తే మేడమ్. మాది సర్జాపూర్ రోడ్డు. మా పాప నాలుగో క్లాసు. మధ్యాహ్నం ఇంజెక్షన్ మా బాధ్యత కాదు, మీరే వచ్చి వేసుకోండి అని స్కూలు వాళ్ళు చెప్పేశారు. నా భార్య ఉద్యోగం మానేసి రోజూ లంచ్ టైముకి వెళ్తోంది. పోయిన వారం స్కూలు బస్సు అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర ఇరుక్కుపోయింది, పాప చెమటలు పట్టి వణుక్కుంటూ దిగింది, మీటర్‌లో చూస్తే 52. స్కూలు మార్చేయమంటారా?"

ముందు బస్సు సంగతి చూద్దాం సార్, స్కూలు మార్చినా ఆ ట్రాఫిక్ మారదు.

బస్సెక్కే ముందు షుగర్ చూసుకోవడం అలవాటు చెయ్యండి. ఎంత కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని ఎక్కాలో డాక్టరుని అడిగి ఒక నంబరు పెట్టుకోండి. ఆఖరి పీరియడ్ పీటీ అయిన రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆట ఆపేశాక కూడా కొన్ని గంటలపాటు షుగర్ దిగుతూనే ఉంటుంది, ఒక్కోసారి ఆ రాత్రి నిద్రలో కూడా. గ్లూకోజ్ పొడి బ్యాగ్ అడుగున పుస్తకాల కింద కాకుండా, ముందు చిన్న జిప్పులో, చీకట్లో కూడా చేతికి దొరికేలా ఉండాలి. 70 కంటే దిగితే లో అని లెక్క, అప్పుడు కిలో బరువుకి 0.3 గ్రాముల గ్లూకోజ్ చొప్పున ఇవ్వమంటారు, అంటే 30 కిలోల పిల్లకి సుమారు 9 గ్రాములు, 50 కిలోలు ఉంటే 15. ఇంట్లోనే తూకం వేసి చిన్న చిన్న పొట్లాలు కట్టి పెడితే బస్సులో లెక్కలు వేసుకునే పని ఉండదు. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడాలి, పెరగకపోతే ఇంకో పొట్లం. చాక్లెట్ ఇవ్వొద్దు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి నిదానంగా వెళ్తుంది, మనకి అప్పటికప్పుడు ఎక్కాలి.

బస్సులో ఉండే ఆయాకి, డ్రైవరుకి తెలుగు వచ్చు అనుకోకండి. పాప ఐడీ కార్డు వెనక కన్నడలో రాయించండి, "ఈ మగువిగె సక్కరె కాయిలె ఇదె, గ్లూకోస్ కొడి, అమ్మనిగె ఫోన్ మాడి" అని (ఈ పాపకి షుగర్ జబ్బు ఉంది, గ్లూకోజ్ ఇవ్వండి, అమ్మకి ఫోన్ చెయ్యండి అని), కింద మీ ఇద్దరి నంబర్లు. ఒకరోజు మీరే బస్ స్టాపు దగ్గర ఆయాకి పొట్లం చూపించి, ఎలా ఇవ్వాలో చేసి చూపించండి. వాళ్ళు మనం అనుకున్నదానికంటే శ్రద్ధగా చూస్తారండి, వాళ్ళకీ పిల్లలుంటారు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి అన్న ముక్క కూడా తప్పకుండా చెప్పండి.

ఇక స్కూలు. ఊరికే బతిమాలుకోవద్దు, కాగితంతో వెళ్ళండి. టైప్ వన్ పిల్లలకి స్కూల్లో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, మధ్యలో తినడానికి వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాల విద్యాశాఖలకి రాసింది. సీబీఎస్ఈ అయితే 2017లోనే బోర్డు పరీక్ష హాల్లోకి ఈ పిల్లలు గ్లూకోజ్ బిళ్ళలు, పండు, నీళ్ళ సీసా లాంటివి తెచ్చుకోవచ్చని చెప్పింది. ఈ రెండూ ప్రింట్ తీసుకోండి. డాక్టరు సంతకంతో ఒక పేజీ ప్లాన్ రాయించుకోండి, లో అయితే ఏం చెయ్యాలి, హై అయితే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అంతే, రెండో పేజీకి వెళ్ళొద్దు, ఎవరూ చదవరు.

మాట్లాడేటప్పుడు "బాధ్యత తీసుకోండి" అన్న మాట అసలు వాడకండి, ఆ మాట వింటేనే ప్రిన్సిపాల్స్ భయపడతారు. తొమ్మిదేళ్ళ పాప ఇన్సులిన్ పెన్ను (పెన్నులా ఉండే ఇంజెక్షన్) తనే పొడుచుకోగలదు, నేర్పితే నేర్చుకుంటుంది. టీచరు చెయ్యాల్సింది పెన్ను చివర కనిపించే డోసు నంబరు చూసి "అవును, నాలుగే" అనడం, మిగతాది మేం వీడియో కాల్‌లో చూసుకుంటాం అనండి. ఇంకొకటి గట్టిగా చెప్పండి, లో అయినప్పుడు పాపని ఒంటరిగా సిక్ రూమ్‌కి పంపకూడదు, కూర్చున్నచోటే గ్లూకోజ్ ఇవ్వాలి, మెట్ల మీద పడిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఇంతా చేసినా ఒప్పుకోకపోతే అప్పుడు మార్చండి, ఆ స్కూలు కోసం బాధపడాల్సిన పని లేదు.

చివరగా మీరు అడగనిది ఒకటి. మీ భార్య ఉద్యోగం మానేసింది అని ఒక్క ముక్కలో రాసేశారు సార్. ఈ ఏర్పాటు కుదిరేదాకా వారంలో రెండు రోజులైనా లంచ్‌కి మీరు వెళ్ళండి, ఆఫీసులో అడగండి, ఇంటి నుంచి పనిచేసే రోజులు ఉంటే వాటిని దీనికి వాడండి. ఇంజెక్షన్ ఇవ్వడం వచ్చిన మనిషి ఇంట్లో ఒక్కరే ఉంటే పాపకీ మంచిది కాదు.

*

"ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. మా మనవరాలికి ప్రసాదం పెట్టొచ్చా? బెల్లంతో చేస్తే పర్లేదంటున్నారు." యలహంక నుంచి ఒక తాతగారు.

పెట్టండి తాతగారూ, నిక్షేపంగా పెట్టండి. బెల్లమైనా చక్కెరైనా తేనె అయినా షుగర్ పెంచడంలో పెద్ద తేడా లేదు, కాబట్టి బెల్లం అని ధైర్యంగా ఎక్కువ పెట్టడం, చక్కెర అని పాపని పక్కన కూర్చోబెట్టడం రెండూ వద్దు. ఎంత పెడుతున్నారో వాళ్ళమ్మకి చెప్పండి, ఆవిడ దానికి తగ్గ ఇన్సులిన్ తినే ముందే వేస్తుంది. వంటింట్లో చిన్న తూకం మిషన్ ఒకటి ఉంటే చాలా హాయి, వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, మామూలు సైజు ఇడ్లీ ఒకదాంట్లో 10 నుంచి 12, ఇలా లెక్క వేసుకుంటే పండగరోజు కూడా పాప అందరితో పాటు ఒకే విస్తట్లో తింటుంది. షుగర్ ఫ్రీ అని బేకరీలో అమ్మే బిస్కెట్లు మాత్రం తేకండి, అందులో మైదా ఎక్కడికీ పోలేదు.

*

"ఆంటీ, నాకు 13 ఏళ్ళు. స్కూల్ నుంచి రాగానే అమ్మ అడిగే ఫస్ట్ మాట 'ఎంత ఉంది?' మొన్న సైన్స్‌లో క్లాస్ ఫస్ట్ వచ్చిందని చెప్దామని పరిగెత్తుకొచ్చా, షూస్ కూడా విప్పలేదు, ఎంత ఉంది అంది, 287 అన్నా, ఏం తిన్నావ్ అంది. నేనేం తినలేదు నిజంగా. ఇప్పుడు నంబర్లు తగ్గించి చెప్తున్నా. ఇది తప్పని తెలుసు. నేను రాశానని అమ్మకి చెప్పొద్దు."

బంగారం, ముందు క్లాస్ ఫస్ట్ వచ్చినందుకు బోలెడు సంతోషం, ఆ మాట అమ్మకంటే ముందు నాకే చెప్పినట్టు అయింది చూడు. నీ పేరూ ఏరియా రాయలేదు, బెంగళూరులో పదమూడేళ్ళ పిల్లలు బోలెడు మంది ఉన్నారు, ఏం భయపడకు.

నువ్వు తినకుండానే 287 రావడం నిజంగా జరుగుతుంది. నీ వయసులో ఎదుగుదల హార్మోన్లు, పీరియడ్స్ హార్మోన్లు అన్నీ కలిసి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, పరీక్షల టెన్షన్ దానికి తోడు, అందుకే పోయినేడాది సరిపోయిన డోసు ఇప్పుడు సరిపోదు. అది నీ తప్పు కాదు, డోసు పెంచాల్సిన టైము వచ్చిందన్నమాట. అయితే నువ్వు 287ని 150 అని చెప్తే డాక్టరు డోసు పెంచరు కదమ్మా, నష్టం నీకే అవుతుంది. అంతకంటే భయం ఏంటంటే ఆ తప్పుడు నంబరు చూసి ఎవరైనా డోసు లెక్కేస్తే. అందుకని నంబరు నిజమే చెప్పు, దాని గురించి ఇప్పుడు మాట్లాడను అని చెప్పే హక్కు మాత్రం నీకుంది. "అమ్మా, 287 ఉంది, కరెక్షన్ ఇన్సులిన్ వేసుకుంటున్నా, దీని గురించి రాత్రి మాట్లాడదాం, ఇప్పుడు నా సైన్స్ మార్కులు విను" అను. అనడం కష్టమైతే కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించు.

ఇప్పుడు ఇలాంటి అమ్మలందరికీ చెప్తున్నా, ఈ పిల్ల వాళ్ళమ్మ ఎవరో నాకూ తెలీదు. పిల్ల గుమ్మంలోకి రాగానే ముందు మొహం చూడండి. లో అయితే చాలాసార్లు మొహంలోనే తెలుస్తుంది, పాలిపోతుంది, చిరాకు పడుతుంది, మాట తడబడుతుంది. అలా లేకపోతే చెప్పులు విప్పి, నీళ్ళు తాగి, తన కబురు చెప్పేదాకా ఆ నంబరు ఆగుతుంది. మంచి షుగర్, చెడ్డ షుగర్ అనే మాటలు ఇంట్లోంచి తీసేయండి, ఎక్కువ, తక్కువ, అంతే. "ఏం తిన్నావ్" అన్నది పోలీసు ప్రశ్న, దానికి పిల్లలు నేర్చుకునేది అబద్ధమే.

*

"మే నెలలో పదిహేను రోజులు ఒంగోలు వెళ్తున్నాం. ఇన్సులిన్ పాడవకుండా ఎలా? అక్కడ కరెంటు కూడా పోతుంటుంది."

బెంగళూరులో ఉండి ఉండి మనకి ఎండ సంగతి మర్చిపోతాం. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు అయితే సుమారు నాలుగు వారాలు బయటే ఉండొచ్చు, ఒంగోలులో మే నెలలో ఇంట్లో కూడా అంత చల్లగా ఉండదు. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్ దరిదాపుల్లో వద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారెయ్యాల్సిందే. ఐస్ ముక్కలు నేరుగా తగలకూడదు, గుడ్డ చుట్టి పెట్టండి. కరెంటు పోతే మన కుండే మంచి ఉపాయం, పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న మట్టి ముంత పెట్టి, ఇసుకని తడుపుతూ ఉంటే ముంతలో ఇన్సులిన్ చల్లగా ఉంటుంది, గాలి ఆడే నీడలో పెట్టాలి, ముంతలోకి తడి రాకుండా పెన్నుల్ని డబ్బాలో పెట్టండి. రైల్లో సీటు కింద పెట్టెలో వద్దు, చేతి సంచిలోనే. రెండు సంచుల్లో సగం సగం సర్దితే ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. కారైతే, పార్క్ చేసి దిగేటప్పుడు ఇన్సులిన్ దిగిందా అని చూసుకోండి. షుగర్ కారణం లేకుండా ఎక్కుతూ పోతే పాత పెన్ను పక్కన పెట్టి కొత్తది తెరవండి.

*

"మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురికి పదేళ్ళు, ఈ మధ్యే టైప్ వన్ అని తేలింది. వాళ్ళది చిత్తూరు వైపు, ఇక్కడ కేఆర్ పురంలో ఉంటారు. పెన్నులు కొనలేక సీసాలు వాడుతున్నారు. మా అబ్బాయి దగ్గర మిగిలిన పెన్ను కార్ట్రిడ్జ్‌లు (పెన్నులో పెట్టే ఇన్సులిన్ గొట్టాలు) ఇవ్వొచ్చా?"

మీ మనసుకి దండం. కానీ ఇవ్వాలంటే పెన్నుతో సహా, సూదులతో సహా, డాక్టరుకి చెప్పి, నేర్పించి ఇవ్వండి, కార్ట్రిడ్జ్ ఒక్కటే వద్దు. ఎందుకంటే మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉంటాయి, వాటికి ఎర్ర మూత సిరంజీ. పెన్ను కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకి 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజీతో కార్ట్రిడ్జ్‌లోంచి లాగితే పిల్లకి రెండున్నర రెట్లు ఎక్కువ ఇన్సులిన్ వెళ్తుంది, ప్రాణం మీదకొస్తుంది. 100 యూనిట్ల రకానికి నారింజ మూత సిరంజీ వేరే ఉంటుంది. సీసా మీద 40 ఉందా 100 ఉందా, సిరంజీ మీద ఏముంది, ఈ రెండూ ఒకటేనా అని ప్రతిసారీ చూడటం ఆవిడకి నేర్పండి, చదువు రాకపోయినా అంకెలు గుర్తుపడుతుంది, మూత రంగు గుర్తుపడుతుంది.

సీసాలు వాడటంలో నామోషీ ఏం లేదు, అవీ మంచి ఇన్సులినే, సరిగ్గా వాడితే పిల్లలు చక్కగా పెరుగుతారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో పిల్లల విభాగంలో అడగమనండి, జన్ ఔషధి షాపుల్లో కూడా ఒకసారి అడిగి చూడమనండి. ఛేంజింగ్ డయాబెటిస్ ఇన్ చిల్డ్రన్ అనే కార్యక్రమం కింద కొన్ని సెంటర్లలో పేద పిల్లలకి ఇన్సులిన్, షుగర్ చూసే స్ట్రిప్పులు ఉచితంగా ఇస్తారు, బెంగళూరులో పిల్లల షుగర్ చూసే ఏ డాక్టరుని అడిగినా దారి చెప్తారు. మీరు నిజంగా సాయం చెయ్యాలంటే స్ట్రిప్పులు కొనిపెట్టండి, డబ్బులు లేక వాళ్ళు ముందు మానేసేది అవే. ఆవిడకి చెకప్ రోజు జీతం కోయకుండా సెలవివ్వండి.

*

"అక్కా, రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని పాప షుగర్ చూస్తాను. ఏడాదిన్నరగా ఇదే. మా ఆయనకి నిద్ర మెలకువ రాదు అంటారు. పగలు నాకు ఎవరేం మాట్లాడినా ఏడుపొస్తోంది."

నీకు నిద్ర కావాలమ్మా, ముందు అది. ప్రతి రాత్రీ చూడాలా అని డాక్టరుని అడుగు. డోసు మార్చిన రోజులు, బాగా ఆడిన రోజులు, జ్వరం ఉన్న రోజులు తప్పకుండా చూడాలి, మామూలు రోజుల్లో పడుకునే ముందు నంబరు బట్టి వదిలేయొచ్చా అని ఆయనే చెప్తారు. ఖర్చు భరించగలిగితే షుగర్‌ని ఎప్పటికప్పుడు చూసే, అలారం ఉన్న సెన్సర్ చేతికి పెట్టించండి, షుగర్ దిగితే అదే లేపుతుంది. కాకపోతే పిల్ల సెన్సర్ ఉన్న చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే ఒత్తిడికి ఉత్తుత్తి లో చూపిస్తుంది, పక్కకి తిప్పి వేలి మీద ఒకసారి చూసి అప్పుడు గ్లూకోజ్ ఇవ్వు.

మీ ఆయనకి మెలకువ రాదన్న మాట నేను ఒప్పుకోను. తెల్లవారుజామున ఊరికి బస్సుంటే లేస్తారు కదా. సోమ, బుధ, శుక్రవారాలు నీవి, మంగళ, గురు, శనివారాలు ఆయనవి, ఆదివారం ఎవరు బాగా అలిసిపోతే వాళ్ళకి సెలవు. ఆయన రోజుల్లో అలారం ఆయన దిండు కింద ఉండాలి, నువ్వు వేరే గదిలో పడుకో, తలుపు వేసుకో. మొదటి వారం ఆయన చేతికి గ్లూకోమీటర్ ఇచ్చి, చిన్నదాని వేలు నిద్ర లేవకుండా ఎలా పట్టుకోవాలో, వేలి మధ్యలో కాకుండా పక్కన ఎలా పొడవాలో చూపించు, నాలుగో రోజుకి వచ్చేస్తుంది. ఏడుపు రెండు వారాలైనా తగ్గకపోతే పాప చెకప్‌కి వెళ్ళిన రోజే నీ గురించి కూడా డాక్టరుకి చెప్పు, నీకూ ఒక అపాయింట్‌మెంట్ తీసుకో. ఈ పేజీ చింపి ఆయన టిఫిన్ ప్లేటు పక్కన పెట్టు, చదివాక ఏమన్నారో నాకు రాయి.